యువపాఠకుల కథాసాహిత్యంలో పౌరస్వేచ్ఛలు

యువపాఠకుల కథాసాహిత్యంలో పౌరస్వేచ్ఛలు అనే అంశం భద్రత, నిఘా, వ్యక్తిగత గోప్యత, అరెస్టు, విచారణ మొదలైన విషయాలను కౌమార, యవ్వన దశలలో ఉన్న పాఠకులకు కథల ద్వారా తెలియజేసే రచనలకు సంబంధించినది. ఆంగ్ల సాహిత్యంలో ఈ తరహా రచనలు ఒక ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందాయి. తెలుగులో ఆ పేరుతో ప్రత్యేక శాఖ బలపడలేదు. అయితే అదే విషయం మీద బలమైన కథలు, నవలలు తెలుగులో చాలా ఉన్నాయి. వీటిలో ముఖ్యమైన భాగం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలకు చెందిన ఉత్తరాంధ్ర రచయితల నుండి వచ్చింది. గురజాడ అప్పారావు, చాగంటి సోమయాజులు, రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు, కె.ఎన్.వై.పతంజలి వీరిలో ప్రముఖులు.

పేరు, పదజాలం

తెలుగులో పౌరహక్కులు, పౌరస్వేచ్ఛలు అనే రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి. వాక్స్వాతంత్ర్యం, సంచార స్వేచ్ఛ, అక్రమ నిర్బంధం నుండి రక్షణ వంటివి రాజ్యం జోక్యం చేసుకోకుండా ఉండవలసిన విషయాలు కనుక వీటిని స్వేచ్ఛలు అనడం శాస్త్రరీత్యా సరియైనది. కాని పౌరహక్కుల సంఘం పేరు వలన రెండవ అర్థంలో కూడా పౌరహక్కులు అనే మాటే ప్రజలలో స్థిరపడింది.

వ్యక్తిగత గోప్యత అనేది న్యాయస్థానాల తీర్పుల అనువాదాల ద్వారా, పత్రికల ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన మాట. దీనికి దగ్గరగా ఉండే అచ్చతెలుగు మాట గుట్టు. ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతలో గుట్టు అంటే కేవలం రహస్యం కాదు, ఇంటి మర్యాద, ఇంటి భద్రత కూడా. గోడలకు చెవులుంటాయి అనే సామెత నిఘా పట్ల ప్రజలకు గల భయాన్ని సూచిస్తుంది. పోలీసు రికార్డులకు సంబంధించిన కేడీ, రౌడీషీటు వంటి మాటలు కూడా తెలుగు వాడుకలో కలిసిపోయాయి. పూర్వం ఠాణాలోని పుస్తకంలో ఉండవలసిన కేడీ అనే మాట కాలక్రమాన మనిషికి తిట్టుగా మారింది.

ప్రపంచ సాహిత్యంలో

జార్జి ఆర్వెల్ వ్రాసిన నైన్టీన్ ఎయిటీ ఫోర్ నవల 1949లో వెలువడింది. పౌరుల ప్రతి కదలికనూ గమనించే ప్రభుత్వాన్ని ఇందులో చిత్రించాడు. రే బ్రాడ్‌బరీ నవల ఫారన్‌హీట్ 451 1953లో వచ్చింది. పుస్తకాలను తగలబెట్టడమే ఉద్యోగమైన మనిషి దీనిలో కథానాయకుడు. ఈ రెండూ పెద్దల కొరకు వ్రాసినవే అయినా పాఠశాలలలో విరివిగా చదివించబడ్డాయి. లోయిస్ లోరీ రచించిన ది గివర్ (1993) నేరుగా బాలల కొరకు, కౌమార పాఠకుల కొరకు వ్రాయబడినది. బాధ లేకుండా చేయడం కోసం మనుషుల జ్ఞాపకాలను, ఎంపికలను తీసివేసిన సమాజాన్ని ఇది వర్ణిస్తుంది. 2002లో వచ్చిన ఎం.టి.ఆండర్సన్ నవల ఫీడ్‌లో వ్యాపార సంస్థలు మనుషుల మెదడులోకే ప్రకటనలను పంపుతుంటాయి.

ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైనది కెనడాలో జన్మించిన కోరీ డాక్టరోవ్ రచన లిటిల్ బ్రదర్. ఇది 2008లో ప్రచురింపబడింది. ఆర్వెల్ నవలలోని బిగ్ బ్రదర్‌ను తిరగవేసి ఈ పేరు పెట్టబడింది. శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఉగ్రవాదుల దాడి జరిగిన తరువాత 17 ఏళ్ళ మార్కస్ యాలో అనే విద్యార్థిని భద్రతాధికారులు నిర్బంధించి విచారిస్తారు. విడుదలైన తరువాత అతడు తన స్నేహితులతో కలిసి నిఘాకు దొరకని సమాచార వ్యవస్థను ఏర్పరుస్తాడు. గూఢలిపి, పేరు బయటపడకుండా ఇంటర్నెట్ వాడటం వంటి సాంకేతిక విషయాలు కథలో భాగంగా వివరించబడ్డాయి. రచయిత ఈ నవలను ఉచితంగా దింపుకొనే వీలు కూడా కల్పించాడు. దీనికి కొనసాగింపుగా హోంలాండ్ (2013), అదే ప్రపంచంలో జరిగే అటాక్ సర్ఫేస్ (2020) వచ్చాయి.

తప్పుడు అనుమానాల లెక్క

లిటిల్ బ్రదర్‌లో ప్రస్తావించబడిన ఒక గణిత విషయం నిఘా చర్చలో తరచుగా వస్తుంది. అరుదైన నేరాన్ని పసిగట్టడానికి ఎంత మంచి పరీక్ష వాడినా పట్టుబడిన వారిలో అత్యధికులు నిర్దోషులే కావచ్చునన్నది దీని సారాంశం.

ఉదాహరణకు 10 లక్షల జనాభా గల ప్రాంతంలో 10 మంది నేరస్థులు ఉన్నారనుకొందాం. వారిని గుర్తించే యంత్రం నూటికి 99 సార్లు సరిగా చెప్తుందనుకొందాం. అది ఆ 10 మందిలో ఇంచుమించు అందరినీ పట్టుకొంటుంది. కాని మిగిలిన 9,99,990 మందిలో నూటికి ఒకరి చొప్పున దాదాపు 10,000 మంది నిర్దోషులను కూడా అనుమానితులుగా చూపుతుంది. అనగా యంత్రం వేలు చూపిన ప్రతి వెయ్యిమందిలో ఒకడు మాత్రమే నిజమైన నేరస్థుడు. తక్కిన 999 మంది తాము ఏ తప్పూ చేయలేదని ఋజువు చేసుకోవలసి వస్తుంది. యంత్రం స్థానంలో ఒక పాత రిజిస్టరును గాని, ఊరిలో ఒకరి మీద ఉన్న అపవాదును గాని పెట్టినా లెక్క మారదు. ఉత్తరాంధ్ర కథలలో కనిపించే అనుమానితులు ఈ రెండవ తరహాకు చెందినవారు.

ఉత్తరాంధ్ర నేపథ్యం

1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో విజయనగరం జిల్లా ఏర్పడింది. నేటి గరివిడి, చీపురుపల్లి ప్రాంతం అంతకు పూర్వం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. హౌరా - చెన్నై రైలుమార్గంలో విజయనగరానికి ఉత్తరంగా నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, దక్షిణంగా కోరుకొండ, అలమండ స్టేషన్లు వస్తాయి. నెల్లిమర్ల జనపనార మిల్లు, గరివిడి మాంగనీసు, ఫెర్రో ఎల్లాయ్స్ పరిశ్రమ, చుట్టూ మెట్ట వ్యవసాయం, పడమటి దిక్కున ఏజెన్సీ కొండలు ఈ ప్రాంతపు ఆర్థిక స్వరూపం. జమీందారీ, షావుకారు, పోలీసు, కోర్టు అనే నాలుగు వ్యవస్థలు సామాన్యుని జీవితంలో కలిసిపోయి ఉండడం ఇక్కడి సాహిత్యానికి ప్రధాన వస్తువు అయ్యింది.

ఈ ప్రాంతపు కథలలో నిఘా అనగానే కెమెరా గాని, కంప్యూటరు గాని గుర్తుకు రావు. గస్తీ జవాను, సాక్ష్యం చెప్పే ఊరి పెద్ద, వేలిముద్ర వేయించుకొన్న ప్రోనోటు, వాయిదాల మీద వాయిదాలు పడే కేసు ఆ పని చేస్తాయి. తలుపు వేసుకొనే వీలు లేని గుడిసెలో గోప్యత అనే మాటకు అర్థం ఏమిటన్నది ఈ కథల వెనుక ఉన్న ప్రశ్న.

గురజాడ, చాసో

గురజాడ అప్పారావు (1862-1915) రచించిన కన్యాశుల్కం నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శించబడింది. బాగా మార్చి వ్రాసిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. బాల్యవివాహాల మీద విమర్శగా ప్రసిద్ధి పొందిన ఈ నాటకంలో రెండవ భాగం చాలావరకు ఒక తప్పుడు కేసు చుట్టూ తిరుగుతుంది. ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లుకు ఇచ్చి పెళ్ళిచేసిన శిష్యుడు కనిపించకుండా పోవడంతో, పుట్టని పెళ్ళికూతురును చంపినట్లు లుబ్ధావధాన్లుపై నేరం మోపబడుతుంది. హెడ్డు కనిస్టీబు, వకీళ్ళు, కూటసాక్షులు కలిసి లేని హత్యను ఉన్నట్లుగా నిలబెట్టే తీరు దీనిలో చూడవచ్చును. దుర్మార్గుడైనా చేయని నేరానికి శిక్ష పడరాదన్న పౌరస్వేచ్ఛా సూత్రం ఈ నాటకంలో హాస్యం మాటున కనిపిస్తుంది.

చాసోగా ప్రసిద్ధుడైన చాగంటి సోమయాజులు (1915-1994) శ్రీకాకుళంలో జన్మించి విజయనగరంలో జీవించాడు. ఇతని కుంకుడాకు కథలో గవరమ్మ అనే పేద బాలిక పొయ్యిలోకి ఆకులు ఏరుకోవడానికి వెళ్ళి దొంగతనం నిందకు, దెబ్బలకు గురవుతుంది. విచారణ, సాక్ష్యం, శిక్ష మూడూ పొలం గట్టు మీదనే ముగిసిపోతాయి. పిల్లలు పాత్రలుగా ఉన్న తెలుగు కథలలో దీనికి ముఖ్యమైన స్థానం ఉంది.

రావిశాస్త్రి

రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) శ్రీకాకుళంలో జన్మించాడు. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేశాడు. క్రింది కోర్టులలో తాను చూసిన ముద్దాయిలు, పోలీసులు, ప్లీడర్లు, గుమాస్తాలు ఇతని పాత్రలు. అల్పజీవి, రాజుమహిషి, రత్తాలు-రాంబాబు నవలలు, ఆరు సారా కథలు, బాకీ కథలు, ఋక్కులు మొదలైన కథాసంపుటాలు, నిజం, తిరస్కృతి నాటకాలు ఇతని రచనలలో కొన్ని. అత్యవసర పరిస్థితి కాలంలో ఇతడు అరెస్టు అయ్యాడు.

ఆరు సారా కథలకు మద్యనిషేధ చట్టం నేపథ్యం. మద్రాసు రాష్ట్రంలో 1937లో చేయబడిన ఈ చట్టం క్రమేణా కోస్తా జిల్లాలకు విస్తరించి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత కూడా కొనసాగింది. ప్రజల మేలుకోరి చేసిన చట్టమే ఇల్లు సోదా చేయడానికి, పట్టుకోవడానికి, మామూళ్ళు వసూలు చేయడానికి ఎలా సాధనమవుతుందో ఈ కథలు చూపుతాయి. వీటిలో మాయ అనే కథ యువపాఠకులకు ఎక్కువగా సూచించబడేది. వృత్తిలో ఇంకా కుదురుకోని యువ న్యాయవాది వద్దకు సారా కేసులో ముద్దాయి అయిన ముత్యాలమ్మ వస్తుంది. అతడు చట్టాన్ని పుస్తకాలలో చదువుకొన్నవాడు. ఆ చట్టం వీధిలో ఎలా నడుస్తుందో ఆమె అతనికి తెలియజేస్తుంది. విజ్ఞానం పైనుండి కాక క్రిందినుండి రావడం ఈ కథలోని విశేషం. విశాఖ, శ్రీకాకుళం మాండలికాన్ని కోర్టు భాషకు ఎదురుగా నిలపడం ఇతని శైలిలో ప్రధాన లక్షణం. తన మీద నడుస్తున్న కేసు భాష ముద్దాయికే అర్థం కాకపోవడం అన్యాయమన్న సంగతిని పాఠకుడు ఆ శైలి ద్వారానే గ్రహిస్తాడు.

కాళీపట్నం రామారావు

కారా మాస్టారుగా పేరొందిన కాళీపట్నం రామారావు (1924-2021) శ్రీకాకుళం జిల్లా మురపాకకు చెందినవాడు. విశాఖపట్నంలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. ఇతని యజ్ఞం కథ 1960వ దశకంలో వెలువడి పెద్ద చర్చకు దారితీసింది. సుందరపాలెం అనే ఊరిలో అప్పల్రాముడి బాకీ విషయమై పంచాయితీ నడుస్తుంది. ఎవరూ చట్టాన్ని మీరరు, ఎవరూ గట్టిగా అరవరు, పెద్దలందరూ న్యాయంగానే మాట్లాడతారు. అయినా తీర్పు వలన ఒక కుటుంబం తరతరాల పాలేరుతనంలోకి జారిపోయే స్థితి ఏర్పడుతుంది. కథ ముగింపులో అప్పల్రాముడి కొడుకు తన బిడ్డను ఆ బతుకుకు అప్పగించలేక చంపుకొంటాడు. కాగితం మీద స్వేచ్ఛ ఉండి, అప్పు మూలంగా అది అనుభవంలోకి రాకపోవడం ఈ కథ లేవనెత్తిన సమస్య.

కుట్ర అనే మరొక కథ శ్రీకాకుళ ఉద్యమానంతరం నడిచిన కుట్ర కేసుల నేపథ్యంలో వ్రాయబడినది. కుట్ర అనే మాటకు చట్టంలో ఉన్న అర్థాన్ని తీసుకొని, ఎవరు ఎవరిపై కుట్ర చేశారని ఈ కథ ప్రశ్నిస్తుంది. యజ్ఞంతో తొమ్మిది సంపుటానికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇతడు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించాడు. తెలుగు కథలను సేకరించి భద్రపరిచే ఈ గ్రంథాలయం వలన పాత పత్రికలలో మరుగున పడిన కథలు కొత్త తరానికి అందుబాటులోకి వచ్చాయి.

పతంజలి

కె.ఎన్.వై.పతంజలి (1952-2009) విజయనగరం జిల్లా అలమండలో జన్మించాడు. పాత్రికేయుడుగా పలు దినపత్రికలలో పనిచేశాడు. ఇతని ఖాకీవనం నవల పోలీసు వ్యవస్థను వస్తువుగా తీసుకొన్నది. పౌరస్వేచ్ఛల సాహిత్యంలో పోలీసు సాధారణంగా ప్రతినాయకుడు. ఈ నవలలో క్రింది స్థాయి పోలీసు కూడా పై అధికారుల క్రింద హక్కులు లేని ఉద్యోగి అన్న సంగతి చెప్పబడింది.

గోపాత్రుడు, పిలకతిరుగుడు పువ్వు రచనలలో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగవు ఊరిలో మొదలై ఠాణాకు, కోర్టుకు ఎక్కుతుంది. హాస్యప్రధానమైన ఈ రచనలు చదివేవారిని నవ్విస్తూనే, సత్యాన్ని అధికారం నిర్ణయించగలదా అన్న ప్రశ్నను ముందుంచుతాయి. చిన్నవయసు పాఠకులు ఉత్తరాంధ్ర సాహిత్యంలో ప్రవేశించడానికి ఈ రచనలు అనువైనవి.

శ్రీకాకుళ ఉద్యమం, రచయితలపై నిర్బంధం

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరుగనున్న గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న వారిపై లేవిడి వద్ద జరిగిన కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు మరణించారు. దాని తరువాత శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ రూపం దాల్చింది. ఏజెన్సీ ప్రాంతాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించబడ్డాయి. జముకుల కథ ద్వారా ఉద్యమ ప్రచారం చేసిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో మరణించాడు. హింసను ప్రభుత్వం శాంతిభద్రతల సమస్యగా చూడగా, విచారణ లేకుండా మనుషులను చంపడం రాజ్యాంగ విరుద్ధమని పౌరహక్కుల వాదులు వాదించారు. ఉద్యమకారులు చేసిన హత్యలను కూడా ప్రశ్నించవలసి ఉంటుందన్న వాదన తరువాతి కాలంలో పౌరహక్కుల ఉద్యమంలోనే చర్చకు వచ్చింది. గణిత అధ్యాపకుడు, న్యాయవాది, సాహిత్య విమర్శకుడు అయిన కె.బాలగోపాల్ (1952-2009) ఈ చర్చలో ప్రముఖుడు.

1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభ విశాఖపట్నంలో జరిగినపుడు, అక్కడి విద్యార్థులు రచయితలను సవాలు చేస్తూ ఒక కరపత్రం పంచారు. అదే సంవత్సరం జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. తెలుగు సాహిత్యంలో యువపాఠకులు రచయితలను నిలదీసిన ఘట్టంగా దీనిని పేర్కొంటారు. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు అనే ముగ్గురు కవులు ముందస్తు నిర్బంధ చట్టం క్రింద అరెస్టు చేయబడ్డారు. హైకోర్టు వారిని విడుదల చేసింది. 1974లో సికిందరాబాదు కుట్ర కేసులో పలువురు రచయితలు ముద్దాయిలుగా చేర్చబడ్డారు. 1989లో ఆ కేసు కొట్టివేయబడింది. నేరం ఋజువు కాకుండానే పదిహేనేళ్ళు గడచిపోయాయి.

1975 జూన్ 25 నుండి 1977 మార్చి 21 వరకు అత్యవసర పరిస్థితి అమలులో ఉన్నది. ఆ కాలంలో జరిగిన ఎన్‌కౌంటర్లపై 1977లో జస్టిస్ వి.ఎం.తార్కుండే అధ్యక్షతన పౌర సంఘం విచారణ జరిపింది. తరువాత రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషనును నియమించింది. న్యాయవాది కె.జి.కన్నబిరాన్ (1929-2010) ఈ విచారణలలో ప్రధాన పాత్ర వహించాడు.

గోప్యతా హక్కు - తెలుగు నేల

గోప్యత ప్రాథమిక హక్కుగా గుర్తింపు పొందిన చరిత్రలో తెలుగు న్యాయమూర్తులకు, తెలుగు నేలపై పుట్టిన కేసులకు ముఖ్యమైన స్థానం ఉంది. కథలలోని సమస్యలు వాస్తవంలో ఎలా తీర్పుకు వచ్చాయో తెలుసుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి.

1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ద్వారా మద్రాసు రాష్ట్రంలో ఎరుకల మొదలైన కులాలకు చెందినవారిని పుట్టుకతోనే నేరస్థులుగా నమోదుచేసి, వేలిముద్రలు తీసుకొని, హాజరు వేయించేవారు. గుంటూరు ప్రాంతంలోని స్టూవర్టుపురం ఈ విధంగా ఏర్పడిన సెటిల్మెంటు. దేశవ్యాప్తంగా ఈ చట్టం 1952లో రద్దు చేయబడింది. నిఘా రిజిస్టర్లు మాత్రం పోలీసు నిబంధనలలో మిగిలిపోయాయి.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్‌సింగ్‌ను దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడిచిపెట్టినా, అతని పేర హిస్టరీ షీటు తెరిచి రాత్రివేళల ఇంటి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇంటికి వెళ్ళడాన్ని కొట్టివేసింది, కాని గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు భావించారు. రాజమండ్రిలో జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు (1902-1976) దీనితో విభేదించాడు. పోలీసు చూపు వెంటాడుతుండగా తిరిగే మనిషికి దేశమంతా జైలే అవుతుందని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమని ఇతడు వ్రాశాడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటిస్తూ సుబ్బారావు అభిప్రాయమే సరియైనదని పేర్కొన్నది. 55 సంవత్సరాల క్రితపు అల్పసంఖ్యాక తీర్పు ఈ విధంగా చట్టమయ్యింది.

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సరిత కేసులో, ఇష్టం లేని భార్యను భర్తతో కాపురం చేయవలసినదిగా ఆదేశించడానికి వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షను చెల్లదని తీర్పు చెప్పింది. స్త్రీ శరీరంపై ఆమెకు గల గోప్యత దీనికి ఆధారం. జస్టిస్ పి.ఎ.చౌదరి ఈ తీర్పు వ్రాశాడు. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు వేరొక కేసులో దీనితో విభేదించి ఆ సెక్షనును నిలబెట్టింది.

స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ ప్రకారం కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకులలోని ఖాతాదారుల పత్రాలను తనిఖీ చేయవచ్చును. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసింది. పత్రాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన మనిషి తన గోప్యతను వదులుకొన్నట్లు కాదని ఈ తీర్పు సారాంశం. సమాచారమంతా ఇతరుల కంప్యూటర్లలో ఉండే కాలంలో ఈ సూత్రానికి ప్రాధాన్యత పెరిగింది.

కుటుంబంలో గోప్యత

యువపాఠకులకు, ముఖ్యంగా బాలికలకు, మొదట ఎదురయ్యే నిఘా ఇంట్లోదే. ఉత్తరం విప్పి చదవడం, ఫోను తనిఖీ చేయడం, ఎవరితో మాట్లాడినదీ లెక్క అడగడం దీనిలోకి వస్తాయి. భద్రత కోసమే అన్న కారణమే ఇక్కడ కూడా చెప్పబడుతుంది. చలం రచనలలో మొదలైన ఈ చర్చ స్త్రీవాద సాహిత్యంలో విస్తరించింది. 1987లో వచ్చిన ఓల్గా నవల స్వేచ్ఛలో అరుణ అనే యువతి పుట్టింటిలోను, పెళ్ళైన తరువాత భర్త ఇంటిలోను తన నిర్ణయాలు తానే చేసుకొనే హక్కు కోసం పోరాడుతుంది. రాజ్యం నుండి స్వేచ్ఛను కోరిన పురుష పాత్రలే ఇంటిలో దానిని నిరాకరించడం ఈ సాహిత్యం బయటపెట్టిన విషయం.

ఇటీవలి పరిణామాలు

సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఈ కేసు వేసిన శ్రేయా సింఘాల్ అప్పటికి యువతి. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకేరోజు సమగ్ర కుటుంబ సర్వే నిర్వహించబడింది. ముఖాలను గుర్తించే సాంకేతికతను పోలీసులు వాడడంపై తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలయ్యింది. 2022లో వచ్చిన నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం, అరెస్టయిన వారి నుండి సేకరించగల కొలతల పరిధిని పెంచింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అవసరమని చెప్తుంది. పిల్లల ప్రవర్తనను గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం నిషేధిస్తుంది. అయితే తల్లిదండ్రుల నుండే పిల్లలకు ఎంత గోప్యత ఉండాలన్న ప్రశ్నకు దీనిలో జవాబు లేదు.

కెమెరాలు, ఆధార్, మొబైల్ ఫోన్లు నిత్యజీవితంలో భాగమైన తరువాత పుట్టిన తరానికి రావిశాస్త్రి నాటి గస్తీ జవాను పరిచయం లేదు. లిటిల్ బ్రదర్ వంటి నవలలలో ఉన్న సాంకేతిక వివరణ, ఉత్తరాంధ్ర కథలలో ఉన్న సామాజిక దృష్టి రెండూ కలిసిన రచనలకు తెలుగులో అవకాశం ఉంది.

విమర్శ

ఈ తరహా సాహిత్యంపై ప్రధానంగా మూడు విమర్శలు ఉన్నాయి. మొదటిది, సందేశం ముందుకు వచ్చి పాత్రలు వెనుకబడతాయన్నది. రెండవది, నేరం వలన నష్టపోయిన వారి భయాన్ని ఈ రచనలు తగినంతగా పట్టించుకోవన్నది. పేదవాడికి కూడా దొంగ నుండి, దౌర్జన్యపరుని నుండి పోలీసు రక్షణ కావాలి. మూడవది, చిన్నవయసు వారికి చట్టంపై అవిశ్వాసం కలుగుతుందన్నది. దీనికి సమాధానంగా, ఈ కథలు చట్టాన్ని కాదనడం లేదని, చట్టం అందరికీ ఒకే విధంగా వర్తించడం లేదని మాత్రమే చెప్తున్నాయని సమర్థకులు అంటారు. అరెస్టుకు కారణం తెలుసుకొనే హక్కు, న్యాయవాదిని సంప్రదించే హక్కు, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచబడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. ముత్యాలమ్మ వంటి ముద్దాయిలకు అవి తెలియకపోవడం, తెలిసినా అడిగే ధైర్యం లేకపోవడం ఈ కథలలోని విషాదం.

ఇవి కూడా చూడండి

రాచకొండ విశ్వనాథశాస్త్రి
కాళీపట్నం రామారావు
కె.ఎన్.వై.పతంజలి
కథానిలయం
శ్రీకాకుళ గిరిజన పోరాటం
కోకా సుబ్బారావు
గరివిడి